మన్యంలో టూ-ఇన్-వన్: పాత టేప్ రికార్డర్ల సేకరణ, మరమ్మతు

రేడియో, క్యాసెట్ టేప్ రికార్డరు, స్పీకర్లు ఒకే పెట్టెలో ఇమిడి, ఇంటి కరెంటుతోనూ పెద్ద సైజు సెల్లులతోనూ పనిచేస్తూ, పైనున్న పిడి పట్టుకుని ఎక్కడికైనా మోసుకుపోవడానికి వీలైన యంత్రాన్ని అమెరికాలో బూమ్‌బాక్స్ అన్నారు. తెలుగునాట అదే టూ-ఇన్-వన్, మరింత వాడుకగా టేప్ రికార్డరు. 1980, 1990 దశకాల్లో పెళ్లిపందిళ్లలోనూ టీకొట్లలోనూ మోగిన ఈ పెట్టెలు సీడీలు, ఆ తర్వాత మెమరీ కార్డు పట్టే మొబైల్ ఫోన్లు రావడంతో అటకలెక్కాయి. వాటిని వెతికి, బాగుచేసి, మళ్లీ మోగించడం ఇప్పుడు అనేక దేశాల్లో ఒక అభిరుచిగా సాగుతోంది. ఆ అభిరుచిని అరకులోయలోనో, పాడేరు, చింతపల్లి కొండల్లోనో మొదలుపెట్టదలచినవారికి మైదాన ప్రాంతంలో లేని ఇబ్బందులు కొన్ని ఉన్నా, మైదానంలో అంత సులభంగా దొరకని ప్రయోజనం కూడా ఒకటి ఉంది. అది పెట్టెలో కన్నా ఆ పెట్టెలో తిరిగే టేపులో ఉంది.

ఈ యంత్రానికి ప్రాణమైన క్యాసెట్టును డచ్చి సంస్థ ఫిలిప్స్ 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో లోకానికి చూపింది. లూ ఓటెన్స్ అనే ఇంజనీరు నాయకత్వంలో, బెల్జియంలోని హాసెల్ట్ కర్మాగారంలో రూపుదిద్దుకున్న ఆ చిన్న డబ్బాలో నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పున్న టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. ఏ దేశపు క్యాసెట్టు ఏ దేశపు యంత్రంలో పెట్టినా పాడడానికి కారణం ఈ వేగాన్ని అందరూ ఒప్పుకుని పాటించడమే. రేడియోనూ క్యాసెట్టునూ కలిపిన పెట్టెలు 1960ల ద్వితీయార్థంలోనే వచ్చినా, వాటిని ఇంటింటి వస్తువుగా మార్చినవి జపాన్ కంపెనీలు: సోనీ, నేషనల్ పానాసోనిక్, శాన్యో, షార్ప్, జేవీసీ. న్యూయార్క్ వీధుల్లో హిప్-హాప్ యువకుల భుజాల మీద ఇవి ఎంత ప్రసిద్ధికెక్కాయంటే, 1985లో ఎల్ఎల్ కూల్ జే తన ‘రేడియో’ ఆల్బం అట్ట మీద జేవీసీ వారి ఆర్‌సీ-ఎం90 పెట్టె బొమ్మనే ముద్రించుకున్నాడు. నేటి విదేశీ సేకర్తలు ఎక్కువ ధర పెట్టి కొనేది అలాంటి భారీ పెట్టెలనే.

భారతదేశంలో దీని కథ వేరు. రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టవలసిన పద్ధతి 1980ల మధ్య వరకు ఉండేది. విదేశీ ఎలక్ట్రానిక్ వస్తువుల మీద సుంకం భారీగా ఉండడంతో జపాన్ టేప్ రికార్డరు గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన బంధువుల సూట్‌కేసుల్లోనో, ఓడల మీద పనిచేసేవారి సామాన్లలోనో ఊళ్లోకి దిగేది. 1980లలో దిగుమతి విధానాలు సడలి, విడిభాగాలు చవకై, బీపీఎల్-శాన్యో, బుష్, వీడియోకాన్ వంటి పేర్లతో దేశవాళీ పెట్టెలు విస్తరించాయి. అమెరికన్ పరిశోధకుడు పీటర్ మాన్యుయెల్ 1993లో వెలువరించిన ‘క్యాసెట్ కల్చర్’ అనే గ్రంథం ఈ దశనే పరిశీలించి, కొద్ది కంపెనీల చేతుల్లో ఉన్న సంగీత వ్యాపారాన్ని క్యాసెట్టు ఎలా చెదరగొట్టి, ప్రాంతీయ, జానపద సంగీతానికి ఎలా దారి తెరిచిందో వివరించింది. తెలుగులో ‘సత్యహరిశ్చంద్ర’, ‘చింతామణి’ వంటి పద్యనాటకాలు, బుర్రకథలు, హరికథలు ఇంటింటా వినిపించింది ఈ చవక క్యాసెట్ల మూలంగానే. పెట్టె మీద వందల వాట్ల పీఎంపీఓ అని పెద్ద అక్షరాలతో ముద్రించడం ఆ కాలపు మరో విశేషం. క్షణకాలపు గరిష్ఠ శక్తిని అనుకూలమైన లెక్కలతో పెంచి చెప్పే ఆ అంకెకూ, స్పీకరు నుంచి నిజంగా వచ్చే రెండు మూడు వాట్ల ధ్వనికీ పోలిక లేదు కాబట్టి, కొనేవారు దానిని అలంకారంగానే చూడాలి.

అరకు కొండలకూ జపాన్‌కూ ఉన్న సంబంధం టేప్ రికార్డరు కన్నా ముందుది. బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవు ద్వారా జపాన్‌కు పంపేందుకు కుదిరిన ఒప్పందం ఫలితంగానే 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం బొర్రా, అరకుల మీదుగా సొరంగాలు తొలుచుకుంటూ వెళ్లింది. ఇటు నుంచి ఖనిజం వెళ్లిన దేశం నుంచే ఆ తర్వాత పాట పాడే పెట్టెలు వచ్చాయి. క్యాసెట్ టేపు మీది గోధుమరంగు పూత కూడా ఇనుము ఆక్సైడే కావడం చరిత్ర చేసిన చిన్న చమత్కారం. కరెంటు ఆలస్యంగా చేరిన, చేరినా నిలకడగా ఉండని గూడేల్లో సెల్లులతో నడిచే పెట్టెకు పట్నంలో కన్నా ఎక్కువ విలువ ఉండేది. నాలుగు సెల్లులైతే 6 వోల్టులు, ఆరైతే 9, ఎనిమిదైతే 12. జపాన్‌కు చెందిన మత్సుషితా సహకారంతో నెల్లూరులో తయారైన నిప్పో సెల్లులు ఆంధ్రదేశంలో ఇంటింటా తెలిసిన సరుకు.

ఈ కొండల్లో ద్రావిడ కుటుంబానికి చెందిన కువి, కూబి, ముండా కుటుంబానికి చెందిన గుతోబ్ గదబ, వీటితోపాటు అనేక తెగలకు ఉమ్మడి వ్యవహార భాష అయిన ఆదివాసీ ఒడియా పక్కపక్కనే వినిపిస్తాయి. కూబి లేదా కొండ భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి రాసిన గ్రంథం 1969లో వెలువడింది. వ్యాకరణం పుస్తకంలోకి ఎక్కింది గాని, పెళ్లిలో అత్తవారినీ వియ్యంకులనూ ఆటపట్టించే పాట, చావు ఇంట ఏడుపు రాగం, థింసా నృత్యానికి ముందు వాద్యాలు శ్రుతి కలిసే సందడి పుస్తకంలోకి ఎక్కవు. క్యాసెట్ కంపెనీలకు ఈ భాషలు పెద్ద బజారు కావు. అయితే టూ-ఇన్-వన్ పెట్టెకు ముందుభాగాన చిన్న మైకు, దానితోపాటు ఎర్ర చుక్క ఉన్న రికార్డు మీట ఉన్నాయి. సినిమా పాటల క్యాసెట్టు మీద చెరిపి ఇంట్లోవాళ్ల పాట ఎక్కించుకునే వీలు దానితో వచ్చింది. సినిమా పాటకు నకళ్లు అనేకం ఉంటాయి, అవ్వ పాడిన పాటకు ఆ ఒక్క టేపే ఉంటుంది.

అందువల్ల ఈ ప్రాంతంలో సేకరణ మొదలుపెట్టేవారు మెరిసే భారీ పెట్టెల వెంటపడడం దండగ. ఒక స్పీకరు మాత్రమే ఉన్న సాదా మోనో పెట్టె, ఇక్కడి ఇళ్లలో నిజంగా తిరిగిన రకం, విడిభాగాలు దొరికే రకం, అన్నివిధాలా మెరుగు. యునెస్కో, ధ్వని దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘం కలిసి 2019లో చేపట్టిన హెచ్చరిక కార్యక్రమం సారాంశం కూడా ఇదే: టేపులు పాడైపోవడం ఒక ప్రమాదమైతే, వాటిని వినిపించగల యంత్రాలు, ఆ యంత్రాలను బాగుచేయగల చేతులు లేకుండాపోవడం అంతకన్నా దగ్గరి ప్రమాదం.

పెట్టెల కోసం వెతకవలసిన చోట్లు అందరికీ తెలిసినవే. హైదరాబాదులో పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత పాత ఎలక్ట్రానిక్ సామాన్లకు పేరుపడ్డాయి; విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉంది. కొండల్లోనైతే వారపు సంతలో కన్నా, మండల కేంద్రాల్లో ఒకప్పుడు రేడియో మెకానిక్ దుకాణం నడిపినవారి దగ్గర ఫలితం ఎక్కువ. బాగుచేయించుకోవడానికి ఇచ్చి తీసుకువెళ్లని పెట్టెలు, విప్పిన మోటార్లు, హెడ్లు వారి దగ్గర పోగుపడి ఉంటాయి, వాటికన్నా విలువైన చేతి అనుభవం వారి దగ్గర ఉంటుంది. ఆదివాసీ ఇళ్లకు వెళ్లి పాత పెట్టెను కారుచవకగా అడిగి తెచ్చుకోవడం మాత్రం సేకరణ అనిపించుకోదు. ఆ ఇంట్లోనే దానిని బాగుచేసి ఇచ్చి, అందులోని టేపుకు నకలు తీసుకోవడానికి అనుమతి అడగడం మర్యాద, పైగా లాభసాటి కూడా, ఎందుకంటే ఒక పెట్టె బాగుపడిందన్న మాట పక్క గూడేనికి చేరితే అక్కడి పెట్టె తనంతట తాను వస్తుంది.

చేతికి వచ్చిన పెట్టెను వెంటనే ప్లగ్గులో పెట్టకూడదు. మొదట సెల్లుల గది మూత తీసి చూడాలి. ఏళ్ల తరబడి మరిచిపోయిన సెల్లులు కారి, స్ప్రింగులకూ రేకులకూ తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటుంది. మామూలు జింక్-కార్బన్ సెల్లులు కార్చేది ఆమ్ల స్వభావం గల పదార్థం కనుక వంటసోడా కలిపిన నీటితోనూ, ఆల్కలైన్ సెల్లులు కార్చేది క్షారం కనుక వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో తుడిచి, తర్వాత శుభ్రమైన నీటి తడితో తుడిచి ఆరబెట్టాలి. ఆ తర్వాత పెట్టె వెనుక ఉండే వోల్టేజి మార్పిడి స్విచ్చును గమనించాలి. జపాన్, అమెరికా కోసం తయారైన పెట్టె 100 నుంచి 120 వోల్టుల మీద ఉండగా మన 230 వోల్టుల కరెంటు ఇస్తే ట్రాన్స్‌ఫార్మరు నిమిషాల్లో మాడిపోతుంది. జపాన్ దేశీయ వాడకానికి చేసిన పెట్టెల్లో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉంటుంది కాబట్టి, 88 నుంచి 108 వరకు సాగే మన ఎఫ్ఎం స్టేషన్లు చాలామటుకు వాటిలో అందవు. తొలి పరీక్ష కొత్త సెల్లులతో చేయడమే క్షేమం. తర్వాత కరెంటుతో చూడదలిస్తే పాత మెకానిక్కుల సిరీస్ బోర్డు, అంటే కరెంటు దారిలో ఒక ఫిలమెంటు బల్బును అడ్డుగా కలిపిన బోర్డు వాడాలి. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలిగి పెట్టెను కాపాడుతుంది. 230 వోల్టులు పారే ట్రాన్స్‌ఫార్మరు వైపు పనిని, నేర్చుకునే దశలో, తెలిసినవారు పక్కన లేకుండా ముట్టుకోకపోవడం మంచిది.

పాత పెట్టెలు మూలపడడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం రబ్బరు. మోటారు తిరుగుడును మిగతా చక్రాలకు అందించే బెల్టు కాలక్రమంలో సాగిపోతుంది, లేదా తారులాంటి నల్లటి జిగురుగా కరిగి కప్పీలకు అంటుకుంటుంది. ఆ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన దూదితో ఓపికగా తుడిచి, బెల్టు వెళ్లే దారి పొడుగునా దారం చుట్టి కొలిచి, ఆ కొలతకన్నా సుమారు 5 శాతం తక్కువ చుట్టుకొలత గల కొత్త బెల్టు వేయాలి. బిగువు ఎక్కువైతే మోటారు బేరింగు అరుగుతుంది, తక్కువైతే పాట సాగుతుంది. ‘టేపు నమిలేస్తోంది’ అని జనం చెప్పే జబ్బుకు కారణం, టేపును ముందుకు నెట్టే భాగం పనిచేస్తూనే, నెట్టిన టేపును చుట్టుకోవలసిన కుడివైపు రీలు తిరగకపోవడం. టేపును వేగం తప్పకుండా లాగే సన్నటి ఇనుప కడ్డీని క్యాప్‌స్టన్ అనీ, టేపును ఆ కడ్డీకి అదిమిపెట్టే రబ్బరు చక్రాన్ని పించ్ రోలర్ అనీ అంటారు. ఆ రబ్బరు గట్టిపడి మెరుపెక్కితే జారుతుంది. సన్నని గరుకు కాగితంతో పైపొరను ఒకసారి తేలికగా రుద్దితే పట్టు తిరిగి వస్తుంది, మరీ పగుళ్లు బారితే మార్చక తప్పదు. చవక పెట్టెల్లో ఎక్కువగా కనిపించేది జపాన్‌కు చెందిన తనాషిన్ కంపెనీ రూపకల్పనను అనుసరించిన మెకానిజమే; దాని నకళ్లు చైనాలో ఇంకా తయారవుతున్నందువల్ల, పాడైన ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు భాగాలు మార్చడం సాధ్యపడుతుంది.

టేపు మీది అయస్కాంత ముద్రను విద్యుత్తుగా మార్చే మెరుగు లోహపు ముక్కే హెడ్డు. దాని మీద గోధుమరంగు పొడి పేరుకుంటే పాట దుప్పటి కప్పినట్టు మొద్దుబారుతుంది; అదే ఆల్కహాలుతో తుడిస్తే సరిపోతుంది. హెడ్డుకు ఒక పక్కన స్ప్రింగు మీద నిలిచిన చిన్న స్క్రూ ఉంటుంది. దానిని తిప్పితే టేపుకు అభిముఖంగా హెడ్డు వంపు, అంటే అజిమత్, మారుతుంది. వంపు తేడా ఉన్న పెట్టెలో రికార్డు చేసిన టేపు మరో పెట్టెలో మందకొడిగా వినిపిస్తుంది కనుక, పాత ఇంటి టేపులు వినేటప్పుడు స్క్రూ తొలి స్థానాన్ని గుర్తు పెట్టుకుని, ఏ టేపుకు ఆ టేపు హల్లులు స్పష్టంగా వినిపించేదాకా సవరించుకోవాలి. వేగానికి వేరే సవరణ ఉంది. చాలా మోటార్ల వెనుక చిన్న రంధ్రంలో వేగం మార్చే మర ఉంటుంది. 3000 హెర్ట్జ్ ధ్వని ఉన్న పరీక్ష క్యాసెట్టు పెట్టి ఫోనులోని శ్రుతి కొలిచే యాప్‌తో సరిచూడవచ్చు. అది లేనప్పుడు ఏదైనా సినిమా పాట క్యాసెట్టును అదే పాట డిజిటల్ ప్రతితో పోల్చినా పని జరుగుతుంది.

విద్యుత్ వైపు జబ్బుల్లో తేమ వల్ల వచ్చేవే కొండల్లో ఎక్కువ. రికార్డు, ప్లే స్థితులను మార్చే పొడవాటి స్విచ్చు కాళ్లకు మురికి పట్టడం, వాల్యూం తిప్పినప్పుడు గరగరమనడం కాంటాక్ట్ క్లీనరు చల్లి పదిసార్లు అటూ ఇటూ కదిపితే తగ్గుతాయి. కరెంటు మీద బొయ్‌మనే హమ్ము వస్తూ సెల్లుల మీద రాకపోతే, కరెంటును చదును చేసే పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు, మెకానిక్కుల మాటలో కండెన్సరు, ఎండిపోయిందని అర్థం; మార్చేటప్పుడు మైక్రోఫారడ్ విలువ అంతే ఉండాలి, వోల్టేజి పాతదానికన్నా తగ్గకూడదు, ధన రుణ కాళ్లు తారుమారు కాకూడదు.

రేడియో విషయంలో లోయకు ఒక ప్రత్యేకత ఉంది. ఎఫ్ఎం తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే ప్రయాణిస్తాయి కాబట్టి కొండ అడ్డు వస్తే ఆగిపోతాయి. మీడియం వేవ్ తరంగాలు నేలను పట్టుకుని ఒంపులు దాటుతాయి, రాత్రివేళ పై వాతావరణం నుంచి ప్రతిఫలించి మరింత దూరం వస్తాయి. 1963లో మొదలైన విశాఖపట్నం ఆకాశవాణిని, దాని 927 కిలోహెర్ట్జ్ స్థానంలో, కొండల్లో వెతుక్కునేవారు పెట్టెను నిలబెట్టినట్టే ఉంచి గుండ్రంగా తిప్పి చూసేవారు. పెట్టె లోపల అడ్డంగా ఉండే ఫెర్రైట్ కడ్డీయే మీడియం వేవ్‌కు ఏరియల్ కనుక, ఆ తిప్పడంలో శాస్త్రం ఉంది. పైకి లాగే స్టీలు ఏరియల్ ఎఫ్ఎంకూ షార్ట్‌వేవ్‌కూ మాత్రమే.

పైతొడుగు విషయంలో అత్యుత్సాహం పనికిరాదు. పసుపు బారిన ప్లాస్టిక్కును రసాయనాలతో తెల్లబరచడం విదేశాల్లో చాలామందికి ఇష్టం, కానీ ఆ ప్రక్రియ ప్లాస్టిక్కును పెళుసుబార్చే ప్రమాదం ఉంది. సబ్బునీటి గుడ్డ చాలు. పెట్టె వెనుక మేకుతో గీసిన ఇంటిపేరు, ఊరిపేరు, అతికించిన దేవుడి బొమ్మ, తాడుతో కట్టిన పిడి దాని చరిత్రలో భాగాలు. వాటిని చెరిపినవాడు బాగుచేసినవాడి కిందికి రాడు.

సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో వానాకాలపు ముసురు, చలికాలపు పొగమంచు టేపులకు బూజు తెస్తాయి. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి నూగు కనిపిస్తుంది. అలాంటి టేపును అలాగే పెట్టెలో వేస్తే బూజు హెడ్డుకు, అక్కడి నుంచి తర్వాతి క్యాసెట్లకు పాకుతుంది. ముందు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్ని రోజులు ఆరనిచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట మెత్తటి కుంచెతో దులిపి, అప్పుడు వినాలి. ఎండలో పెట్టడం, పొయ్యి పైన అటక మీద దాచడం రెండూ తప్పే. వేడికి డబ్బా వంకరపోతుంది, పొగ జిడ్డు టేపుకు పడుతుంది. స్పీకరు అయస్కాంతానికి ఆనించి క్యాసెట్లు పేర్చడం కూడా మంచిది కాదు.

బాగుపడిన పెట్టెలో ఇంటి టేపు మోగినప్పుడు వినిపించే వింతలన్నీ లోపాలు కావు. ఈ పెట్టెల్లో శబ్దం హెచ్చుతగ్గులను తమంతట తాము సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. తుడుం, డప్పు గట్టిగా పడినప్పుడు అది రికార్డింగు స్థాయిని ఒక్కసారి తగ్గించి, మెల్లగా మళ్లీ పెంచుతుంది. అందువల్ల థింసా టేపులో ప్రతి దెబ్బ తర్వాతా మోరి అనే ఊదే వాద్యం నాదం మునిగి తేలుతూ వినిపిస్తే, అది పెట్టె జబ్బు కాదు, ఆనాటి రికార్డింగు స్వభావం. అలాగే రికార్డు చేసేటప్పుడు సెల్లులు నీరసించి మోటారు నెమ్మదించి ఉంటే, ఇప్పుడు సరైన వేగంతో వినేటప్పుడు గొంతు పోనుపోను కీచుగా మారుతుంది. దీనిని పెట్టెలో సరిచేయబోకుండా, ఉన్నది ఉన్నట్టు కంప్యూటరులోకి ఎక్కించి, సవరణ నకలు మీద చేసుకోవాలి. భాండాగారాల అంతర్జాతీయ సంఘం సూచించే కనీస ప్రమాణం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు; ఎంపీ3గా కుదించినది వినడానికి సరిపోతుంది, భద్రపరచడానికి చాలదు. ఎక్కించే ముందు క్యాసెట్టు అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచివేస్తే, పొరపాటున రికార్డు మీట నొక్కినా చెరిగిపోదు. పాడినవారి పేరు, ఊరు, తెగ, భాష, సందర్భం, సుమారు సంవత్సరం, వినిపించడానికి కుటుంబం ఇచ్చిన అనుమతి, ఇవన్నీ ఫైలుతోపాటే రాసి పెట్టాలి. ఈ వివరాలు లేని పాట ఎవరికీ అక్కరకు రాదు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ ఆధ్వర్యంలో 1982లో ఏర్పడి, ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న సంగీత భాండాగారం వంటి సంస్థలు క్షేత్ర రికార్డింగులను భద్రపరచడంలో పాటిస్తున్న క్రమం ఇదే. ఒక నకలు ఆ కుటుంబానికి, వారి ఫోనులో వినడానికి వీలైన రూపంలో, ముందుగా చేరాలి.

ఈ అభిరుచికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు; స్క్రూడ్రైవర్లు, మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, ఆల్కహాలు సీసా, కొన్ని బెల్టులు చాలు, మొదటి పెట్టె పూర్తిగా పాడేదాకా రెండోది కొనకపోవడం అన్నిటికన్నా మంచి క్రమశిక్షణ. అందులో దిగే తీరిక లేనివారు చేయగలిగినది కూడా ఒకటి ఉంది: అటక మీది పాత టేప్ రికార్డరును తూకానికి వేసే ముందు, మూత తెరిచి లోపల క్యాసెట్టు ఏమైనా ఉండిపోయిందేమో చూడాలి, ఉంటే దాని మీద ఏమి రాసి ఉందో ఇంట్లోని పెద్దవాళ్లను అడగాలి.